ఎదగని డాక్టరమ్మ

మా ఆస్పత్రికి ఏప్రిల్, మే నెలల్లో రాకూడదని ఈ ఊళ్ళో ఆటోవాళ్ళకు కూడా తెలుసు. జూన్, జూలై కూడా అంత మంచివి కావు. దసరా వెళ్ళాక ఫరవాలేదు. ఫిబ్రవరిలో వస్తే మాత్రం ఒక్క గుచ్చుతో పనైపోతుంది. ఇదేదో జ్యోతిషం అనుకునేరు. కాదు, వైద్య విద్య.

నా పేరు సువార్తమ్మ. అత్యవసర వార్డులో హెడ్ నర్సుని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే వార్డు. డాక్టరు చదువు ముగించి, ఏడాదిపాటు పని నేర్చుకోవడానికి వచ్చే హౌస్ సర్జన్లు ప్రతి ఏప్రిల్‌లోనూ ముందు నా దగ్గరికే వస్తారు. లావుపాటి పుస్తకాలు కంఠతా వచ్చి ఉంటాయి, సూది పట్టుకుంటే మాత్రం చెయ్యి వణుకుతుంది. సెలైను ఎక్కించడానికి నరం ఎలా వెతకాలో నేనే చూపించేదాన్ని. "కంటితో కాదు బాబూ, వేలితో చూడు" అనేదాన్ని. ఒకటి రెండుసార్లు తప్పి, రోగి చేత నాలుగు తిట్లు తిని, మూడో రోజుకు నేర్చేసుకునేవాళ్ళు. దీనికి కాగితమంటూ ఏదీ ఉండేది కాదు. కాగితం లేనిది చదువెలా అవుతుందని అప్పట్లో మాకెవరికీ తోచలేదు.

ఆ లోటు కనిపెట్టినవారు మా మెడికల్ కాలేజీ వైస్ ప్రిన్సిపాల్ డాక్టర్ విశ్వభూషణరావు గారు. రాజధానిలో అయిదు రోజుల శిబిరానికి వెళ్ళి, భుజాన ఒక సంచి, మెడలో ఒక బిళ్ళ, నోట్లో కొత్త మాటలు వేసుకుని తిరిగొచ్చారు. వచ్చిన మూడో రోజునే అందరినీ హాల్లో కూర్చోబెట్టి, సమోసాలు పంచి, ప్రసంగించారు.

"ఇంతకాలం మనం శిక్షణార్థి ఏం చదివాడో పరీక్షించాం. ఇకపై శిక్షణార్థి పని చేసే స్థలంలోనే, పని చేసే సమయంలోనే, అర్హుడైన పరిశీలకుడి సమక్షంలో నిరంతర మూల్యాంకనం జరుగుతుంది. ప్రతి పనికీ ఒకటి నుంచి తొమ్మిది వరకు మార్కులు. వాటిని కంప్యూటర్లో ఎక్కించగానే ప్రతి శిక్షణార్థికీ ఒక ఎదుగుదల గీత ఏర్పడుతుంది. మనం శిక్షణార్థిని చూడం. అతని గీతను చూస్తాం."

నిజం చెప్పొద్దూ, మొదటి సగం నాకూ నచ్చింది. పిల్లలు పని చేస్తుంటే పక్కన ఒక పెద్ద డాక్టరు నిలబడి చూస్తానంటే ఎవరు కాదంటారు? నేను ముప్ఫై ఏళ్ళుగా అడుగుతున్నదీ అదే. చెయ్యెత్తి, "మరి ఆ మార్కుల కాగితాల మీద మేం నర్సులం కూడా సంతకం పెట్టొచ్చా సార్?" అని అడిగాను.

ఆయన చాలా దయగా నవ్వారు. "సిస్టర్, మీరు శిక్షణ వాతావరణంలో ఒక భాగం. వాతావరణం సంతకం చేయజాలదు."

అసోసియేట్ ప్రొఫెసర్, ఆ పై హోదా ఉన్నవారే పరిశీలకులు. అలాంటివాళ్ళలో రోగుల్ని చూసేవాళ్ళకు తీరిక లేదు. తీరిక ఉన్నవాళ్ళు రోగుల్ని చూడరు. అలా మా వార్డుకు డాక్టర్ సీతాపతి గారు పరిశీలకులుగా వచ్చారు. ఆయన మొదటి ఏడాది పిల్లలకు కప్ప గుండె మీద పాఠం చెబుతారు. మనిషిని ముట్టుకుని ఇరవై రెండేళ్ళయింది. చాలా మంచివారు. నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయి కాబట్టి, సూది గుచ్చుతున్నంతసేపూ సీలింగు ఫ్యాను కేసి చూస్తూ, రోగి అరుపును బట్టి మార్కులు వేసేవారు. కెవ్వుమంటే రెండు, మూలిగితే అయిదు.

ఏప్రిల్ మొదటి వారంలో ఆయన పరిశీలించిన వాళ్ళలో వకుళ ఒకతె. ఈ అమ్మాయి గురించి కొంచెం చెప్పాలి. తల్లి కొండ ప్రాంతంలో ఒక చిన్న ఆస్పత్రిలో నర్సు. ఆ ఆస్పత్రికి రెండేళ్ళుగా డాక్టరు లేడు. తాను వెళ్ళి అక్కడే చేరాలని వకుళ పట్టుదల. ఉద్యోగాల జాబితాలో పేరు కూడా వచ్చింది. వచ్చే ఏప్రిల్ పదో తేదీలోగా హౌస్ సర్జన్సీ పూర్తయినట్టు ధ్రువపత్రం తీసుకెళ్ళి చేరాలి. లేకపోతే ఆ పోస్టు మళ్ళీ ఖాళీగా పడి ఉంటుంది. ఆ తొందరలో ఈ పిల్ల రెండో ఏడాది చదువుతున్నప్పటి నుంచే సాయంత్రాలు నా వార్డుకొచ్చి పని నేర్చుకుంది. నేర్పింది నేనే. కాబట్టి తర్వాత జరిగిన దానికి మొదటి ముద్దాయిని నేనే.

ఆ రోజు రోగి పదేళ్ళ నుంచీ షుగరున్న ముసలాయన. నరాలన్నీ దాక్కున్నాయి. వకుళ ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుని, ఊరి సంగతులు అడుగుతూ, వేలితో నిమిరి, ఒక్క గుచ్చుతో పెట్టేసింది. ముసలాయన అరవలేదు. ఫ్యాను కేసి చూస్తున్న సీతాపతి గారు చాలాసేపు అరుపు కోసం ఎదురుచూసి, "అయిపోయిందా?" అని కిందికి చూసి, అన్ని గళ్ళలోనూ తొమ్మిది వేశారు. మేలో తొమ్మిది. జూన్‌లోనూ తొమ్మిదే.

జూలై మొదటి వారంలో, ఈ గీతలు చూడడానికి కొత్తగా పెట్టిన ఎదుగుదల విభాగం నుంచి వకుళకు తాఖీదు వచ్చింది. తోడుగా నేనూ వెళ్ళాను. విశ్వభూషణరావు గారు కంప్యూటరు తెర మా వైపు తిప్పారు. మిగతావాళ్ళ గీతలన్నీ కింది నుంచి పైకి మెట్లెక్కుతున్నాయి. వకుళ గీత ఒక్కటే పైన, బట్టలారేసుకునే తీగలా అడ్డంగా ఉంది.

"ఏమైంది సార్?" అంది వకుళ.

"ఏమీ కాలేదు. అదే సమస్య. ఏప్రిల్లో తొమ్మిది, జూన్లో తొమ్మిది. ఎదుగుదల ఎంత? సున్నా. మొత్తం బ్యాచిలో అందరికన్నా వెనకబడి ఉన్నారు మీరు."

"అన్నీ సరిగ్గానే చేశాను కదా సార్."

"చెయ్యడం వేరు, నేర్చుకోవడం వేరమ్మా. మీరు చేస్తున్నారు. నేర్చుకుంటున్న దాఖలా మాత్రం లేదు. నేర్చుకోని శిక్షణార్థికి ధ్రువపత్రం ఇవ్వడం నిబంధన ఆరుకు విరుద్ధం."

నేను ఊరుకోలేకపోయాను. "ఆ అమ్మాయికి ముందే వచ్చండీ."

"ముందే వచ్చి ఉండటం శిక్షణను అవమానించడమే సిస్టర్. శిబిరంలో ఇటువంటి శిక్షణార్థి ఉంటాడని మాకు చెప్పలేదు. కాబట్టి ఇటువంటి శిక్షణార్థి ఉండడు. ఎక్కడో లోపం జరిగింది. దాన్ని మీరే సరిదిద్దుకోవాలి."

వకుళకు అర్థం కాలేదు గానీ, మిగతా హౌస్ సర్జన్లకు ఈ సంగతి ఏప్రిల్లోనే అర్థమైపోయింది. వాళ్ళలో సాకేత్ అని ఒక కుర్రాడున్నాడు. తెలివి అంటే వాడిదే. నిబంధనలన్నీ ఒక్క రాత్రిలో చదివేసి, మర్నాడు హాస్టల్లో తరగతి పెట్టాడు. మొదటి మూడు నెలలూ రెండు, మూడు మార్కులు దాటకూడదు. తర్వాత నాలుగు, అయిదు. ఆ తర్వాత ఆరు, ఏడు. చివరి మూడు నెలలకు ఎనిమిది, తొమ్మిది. ఏ నెలలో ఏం తప్పు చెయ్యాలో పట్టిక రాసి గోడకు అంటించాడు. ఏప్రిల్: తొడుగులు మరిచిపోవాలి, ట్రే కింద పడెయ్యాలి. మే: ట్రే పడెయ్యకూడదు, నరం తప్పాలి. జూన్: రోగి పేరు తప్పు చెప్పాలి.

పిల్లలు శ్రద్ధగా చదివారు. తప్పులు తప్పకుండా చేశారు. ఇంత క్రమశిక్షణ గల బ్యాచిని నేను నా సర్వీసులో చూడలేదు. గుచ్చించుకున్నవాళ్ళ చేతులు మాత్రం వాచిపోయాయి. వాళ్ళు బయటికెళ్ళి ఆటోవాళ్ళకు చెప్పారు. ఆటోవాళ్ళు ఊరందరికీ చెప్పారు.

రోగులు తగ్గిపోతే కాగితాలు నిండేదెలా? అప్పుడు దొరికాడు గంగులు. రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీ. కాలి వేలి మీద బస్తా పడి వచ్చాడు. ఆ చేతులు చూడగానే పిల్లలకు ప్రాణం లేచొచ్చింది. మోచేతి దాకా పలుపుతాళ్ళలాంటి నరాలు. కళ్ళు మూసుకుని గుచ్చినా దొరుకుతాయి, తప్పాలనుకుంటే తప్పడమూ తేలికే. రెండో రోజున పంపెయ్యాల్సినవాణ్ణి ఇరవై మూడు రోజులు ఉంచారు. వేలు ఎప్పుడో మానిపోయింది. పొద్దున్నే ఇడ్లీ తిని, చెయ్యి చాపి పడుకునేవాడు. పిల్లలు వరసలో నిలబడేవాళ్ళు.

గంగులు నాలుగైదు రోజుల్లోనే పని పట్టేశాడు. సీతాపతి గారు ఫ్యాను చూస్తుంటే, వీడే చెప్పేవాడు. "ఈ బాబుకి మూడేసుకోండి సారూ. సెయ్యి బానే ఉంది గానీ, గుచ్చేటప్పుడు ఊపిరి బిగబడతన్నాడు." సీతాపతి గారు మూడు వేసేవారు. ఆ ఏడాది మొత్తమ్మీద మా వార్డులో సరైన మూల్యాంకనం జరిగిందంటే అది గంగులు చేసిందే. వాణ్ణి కూడా వాతావరణం కిందే లెక్కగట్టారు.

ప్రతి కాగితం వెనకా 'ఆత్మపరిశీలన' అని ఒక పెట్టె ఉండేది. ఈ పని వల్ల ఏం నేర్చుకున్నారు, ఏం అనుభూతి చెందారు, ఈసారి భిన్నంగా ఏం చేస్తారు అని రాయాలి. రోజుకు మూడు అనుభూతులు ఎవరికి కలుగుతాయి? గేటు దగ్గరి జిరాక్సు షాపతను మూడు రకాల ఆత్మపరిశీలనలు సిద్ధం చేసి పెట్టాడు: మామూలు విచారం, ఒక మోస్తరు పశ్చాత్తాపం, తీవ్ర పరివర్తన. పేరు రాసుకునే చోట చుక్కలు. పరివర్తనకు గిరాకీ ఎక్కువని చెప్పాడు.

జూలై చివర్లో వకుళను నా గదిలో కూర్చోబెట్టుకున్నాను. అప్పుడు నేనన్న మాట రాయడానికి సిగ్గేస్తోంది. అయినా రాస్తాను.

"వకుళమ్మా, ఒక్కసారి తప్పిపోనియ్యవే. పక్కన చిన్న గీటు పడితే ఎవరూ చచ్చిపోరు. రెండు మార్కులొస్తాయి, గీత కిందికి దిగుతుంది. మళ్ళీ నువ్వే ఎక్కుదువు గాని."

"తెలిసీ తప్పాలా సిస్టర్?"

"అందరూ చేస్తున్నదే కదా."

ముప్ఫై ఏళ్ళు తప్పొద్దని నేర్పిన నోటితోనే ఆ మాట అన్నాను.

మర్నాడు వకుళ ప్రయత్నించింది. పైడమ్మ అని ఒక ముసలామె, వాంతులతో నీరసపడి వచ్చింది. సీతాపతి గారు ఫ్యాను కింద సిద్ధంగా నిలబడ్డారు. వకుళ సూది పట్టుకుని నరం పక్కకు జరిపింది. పైడమ్మ ఆ అమ్మాయి మొహంలోకి చూసి, "నువ్వేనా అమ్మా, నెప్పెట్టకుండా పెడతావంట" అంది. వకుళ చెయ్యి తనంతట తానే వెనక్కొచ్చి, సరైన చోట దిగింది. తొమ్మిది మార్కులు. ఆ కాగితం పట్టుకుని వకుళ స్టోర్ రూములోకి వెళ్ళి ఏడ్చింది. తొమ్మిదికి తొమ్మిది వచ్చినందుకు ఏడ్చిన డాక్టర్ని నేను మొదటిసారి చూశాను.

ఆగస్టులో ఎదుగుదల విభాగం తుది చర్య తీసుకుంది. నేర్చుకునే స్వభావం వెల్లడయ్యే వరకు డాక్టర్ వకుళ రోగులను ముట్టుకోరాదు. వార్డులోనే ఒక బల్ల దగ్గర కూర్చుని రోజుకు నాలుగు ఆత్మపరిశీలనలు రాయాలి. ఏమీ చెయ్యని మనిషి దేన్ని పరిశీలించుకోవాలని అడిగితే, "ఆ ప్రశ్ననే పరిశీలించుకోమనండి" అన్నారు విశ్వభూషణరావు గారు.

సెప్టెంబరు పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం. ఎదుగుదల దినోత్సవం. మా గీతలు చూడడానికి రాజధాని నుంచి బృందం వచ్చింది. పరిశీలకులు, పెద్ద డాక్టర్లు అందరూ ఆడిటోరియంలో ఉన్నారు. ప్రసంగాలకు అంతరాయం కలగకుండా వాళ్ళ ఫోన్లన్నీ గుమ్మం దగ్గర ఒక బుట్టలో పెట్టించారు. వార్డులో హౌస్ సర్జన్లు అయిదుగురున్నారు. బల్ల దగ్గర వకుళ ఉంది. నేనున్నాను.

రెండూ పది దాటాక నూకాలు అనే ఆవిడ పిల్లను భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది. రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. పిల్ల పేరు మంగ, నాలుగేళ్ళు. పొద్దుటి నుంచీ నీళ్ళ విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి. కాళ్ళూ చేతులూ చల్లగా ఉన్నాయి. ఏడవడం లేదు. ఏడవని పిల్లను చూస్తే నాకు భయం.

"ఇందాకటిదాకా నీళ్ళడిగిందండీ. ఇప్పుడు అడగట్లేదు," అంది నూకాలు.

వెంటనే సెలైను ఎక్కించాలి. నా వేళ్ళు బిగుసుకుపోయి రెండేళ్ళయింది, చిన్నపిల్లల నరాలు నాకు అందడం లేదు. పైగా నర్సులు సూది పెడితే 'శిక్షణావకాశాన్ని కాజేయడం' అని నిబంధన. నిబంధన సంగతి తర్వాత చూసుకోవచ్చని రెండుసార్లు గుచ్చాను. దొరకలేదు. సాకేత్ కేసి తిరిగాను.

"బాబూ, నువ్వు చూడు."

వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "పరిశీలకుడు లేడు సిస్టర్. నిబంధన పద్నాలుగు. ఎవరూ చూడకుండా చేస్తే చేసినట్టు కాదు. పైగా ఒకటే మార్కు వేస్తారు."

"నీ మొహం, పిల్ల పోతోందిరా."

అప్పుడు వాడు నిజం చెప్పాడు. "నాకు గంగులు నరం తప్ప ఇంకో నరం తెలీదు సిస్టర్. వీళ్ళకీ అంతే."

చెప్పి, ఆడిటోరియంకు పరుగెత్తాడు. గుమ్మం దగ్గర అటెండరు ఆపేశాడు. లోపలికి చీటీ పంపితే, లోపల నుంచి చీటీ వచ్చింది. 'పరిశీలకుడు లేనిదే చేయరాదు. తేనీటి విరామంలో రాగలము.' వాడు ఆ చీటీ పట్టుకుని తిరిగొచ్చేసరికి నాలుగు నిమిషాలైంది. ఆ నాలుగు నిమిషాలూ వకుళ బల్ల దగ్గర లేచి నిలబడే ఉంది. చేతిలో పెన్ను అలాగే ఉంది. ఒక పక్క పిల్ల, ఇంకో పక్క ఏప్రిల్ పదో తేదీ. నేను ఆ అమ్మాయిని పిలవలేదు. ధ్రువపత్రం పోతుందని నాకూ తెలుసు కదా. ఆ నాలుగు నిమిషాలకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

సాకేత్ చీటీ చదవడం మొదలుపెట్టగానే వకుళ పెన్ను పడేసి వచ్చింది. పిల్ల మోచేతులు చూసింది, లాభం లేదు. పాదం చేతిలోకి తీసుకుని, చీలమండ లోపలి వైపు ఎముక ముందు వేలితో నొక్కింది. కళ్ళు మూసుకుంది. నేను నేర్పిందే అది. ఒక్క గుచ్చు. సూది వెనక ఎర్రటి చుక్క కనిపించింది. సెలైను ధారగా వదిలాం. సీసా సగం అయ్యేసరికి పిల్ల కాళ్ళు వెచ్చబడ్డాయి. రెండో సీసా మొదలెట్టాక మంగ కళ్ళు తెరిచి, గట్టిగా ఏడుపు అందుకుంది. సీతాపతి గారు ఉంటే రెండు మార్కులు వేసేవారు. నాకు మాత్రం ఆ ఏడుపు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను.

తేనీటి విరామంలో అందరూ వచ్చారు. పిల్ల పాదానికి సెలైను గొట్టం ఉంది. గొట్టం పెట్టినట్టు కాగితం లేదు. విశ్వభూషణరావు గారు గొట్టాన్ని చూశారు, ఖాళీ ఫైలును చూశారు. ఫైలునే నమ్మారు. వారం తిరక్కుండా ముగ్గురు సభ్యుల విచారణ సంఘం కూర్చుంది. అధ్యక్షులు ఆయనే. నన్ను సాక్షిగా పిలిచారు.

"ఆ రోజు డాక్టర్ వకుళ సూది పెట్టడాన్ని ఎవరైనా చూశారా?"

"నేను చూశాను సార్."

"మీరు పరిశీలకులు కారు."

"కళ్ళతో చూశాను సార్. రెండడుగుల దూరంలో ఉన్నాను. అయిదుగురు డాక్టర్లు చూశారు. పిల్ల తల్లి చూసింది."

"కళ్ళుండటం అర్హత కాదు సిస్టర్. అవి చాలామందికి ఉంటాయి."

తర్వాత వాళ్ళలో వాళ్ళకే చిక్కొచ్చి పడింది. ఎవరూ పరిశీలించలేదు కాబట్టి నిబంధన పద్నాలుగు ప్రకారం ఆ పని జరగలేదు. జరగని పనికి వకుళను శిక్షించడం ఎలా? గంటన్నర తర్జనభర్జన పడి, రెండుసార్లు టీ తాగి, తీర్మానం రాశారు. క్లర్కు నాకు చదివి వినిపించాడు. 'సదరు పని జరగలేదు. అయితే జరగని సదరు పని నిబంధనలకు విరుద్ధంగా జరిగినందున, కనిష్ఠ మార్కు అనగా ఒకటి వేయడమైనది. రోగి కోలుకొనుట యాదృచ్ఛికము.'

"కొండ మీదికి ఇంకో ఏడాది ఆగి వెళ్తానులే సిస్టర్, పోస్టు ఎలాగూ ఖాళీగానే ఉంటుందిగా" అంది వకుళ. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. బైబిలు తెరిచి మూసేశాను. ఎవర్ని తిట్టాలో అందులో దొరకలేదు.

ఆ ఒకటికి కూడా ఆత్మపరిశీలన రాయాలన్నారు. ఈసారి భిన్నంగా ఏం చేస్తారు? వకుళ జిరాక్సు షాపుకు వెళ్ళలేదు. నా ముందే కూర్చుని రెండే వాక్యాలు రాసింది. 'పరిశీలకుడి కోసం నాలుగు నిమిషాలు ఆగాను. ఈసారి ఆగను.' ఆ పెట్టెలో అక్షరాలకు పరిమితి ఉంది. కంప్యూటరు మొదటి వాక్యాన్ని తీసుకుని, రెండోదాన్ని కోసేసింది. అక్టోబరులో విశ్వభూషణరావు గారు హాల్లో ఆ వాక్యాన్ని తెర మీద చూపించి, "నాలుగు నిమిషాలు! ఈ పిల్లలో క్రమశిక్షణ అంకురించింది," అని మెచ్చుకున్నారు. నేర్చుకునే స్వభావం వెల్లడైంది కాబట్టి రోగులను ముట్టుకోవచ్చన్నారు.

ఇంకో నిబంధన ఉందని ఎవరికీ గుర్తు లేదు, కంప్యూటరుకు తప్ప. నిబంధన ఇరవై రెండు. కనిష్ఠ మార్కు పొందిన శిక్షణార్థికి అంతకుముందున్న మార్కులన్నీ కొట్టివేసి, ఆ రోజు నుంచి గీత కొత్తగా మొదలుపెట్టాలి. కంప్యూటరు అలాగే చేసింది. వకుళ గీత సెప్టెంబరు పద్దెనిమిదిన ఒకటి దగ్గర మొదలైంది. అక్టోబరులో తొమ్మిది. నవంబరులో తొమ్మిది. మార్చి దాకా తొమ్మిదే. మా ఆస్పత్రిలోనే కాదు, రాజధాని బృందం తనిఖీ చేసిన పదకొండు కాలేజీల్లోనూ ఇంత నిటారుగా లేచిన గీత ఇంకొకటి లేదట. సాకేత్ కష్టపడి పన్నెండు నెలలు మెట్లు కట్టుకున్న గీత దీని పక్కన పాక్కుంటూ పోయినట్టు కనిపించింది.

సాకేత్ గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. మంగ వచ్చిన మర్నాటి నుంచీ వాడు డ్యూటీ అయ్యాక రోజూ సాయంత్రం ఒక గంట వార్డులో ఉండిపోయేవాడు. కాగితం తెచ్చేవాడు కాదు. వకుళా, నేనూ చెరో పక్కన నిలబడి నేర్పేవాళ్ళం. నవంబరుకల్లా వాడికి ముసలాళ్ళ నరాలు కూడా దొరకడం మొదలైంది. కంప్యూటర్లో ఆ సంగతి ఎక్కడా లేదు.

మార్చి ముప్ఫై ఒకటిన సభ జరిగింది. ఉత్తమ ఎదుగుదల బహుమతి డాక్టర్ వకుళకు ఇచ్చారు. శాలువా, ధ్రువపత్రం, అద్దం బిగించిన పెద్ద పటం. పటంలో ఆ అమ్మాయి ఫొటో కాదు, ఆ అమ్మాయి గీత. "ఘోర వైఫల్యం నుంచి శిఖరానికి చేర్చింది మన మూల్యాంకన విధానమే," అన్నారు విశ్వభూషణరావు గారు. "వచ్చే ఏడాది నుంచి ప్రతి శిక్షణార్థికీ మొదటి త్రైమాసికంలో ఒక ఘోర వైఫల్యాన్ని తప్పనిసరి చేయాలని ప్రతిపాదిస్తున్నాను." చప్పట్లు కొట్టారు. వకుళ శాలువా నాకిచ్చేసి, ధ్రువపత్రం మడిచి సంచిలో పెట్టుకుని, సాయంత్రం బస్సుకే కొండెక్కేసింది. పటం ఆస్పత్రి సొత్తు కాబట్టి వరండాలో మేకు కొట్టి తగిలించారు.

మొన్న నూకాలు మంగను తీసుకుని డాక్టరమ్మను చూద్దామని వచ్చింది. ఉప్పు చేపలు కాగితంలో పొట్లం కట్టి తెచ్చింది. వెళ్ళిపోయిందని చెబితే చిన్నబుచ్చుకుంది.

"ఫొటో ఏమన్నా ఉందాండీ? పిల్ల మర్సిపోకుండా సూపిత్తాను."

వరండాలోకి తీసుకెళ్ళి పటం చూపించాను. కింద 'డాక్టర్ వకుళ' అని పేరుంది. పైన ఒక గీత. నూకాలు అటూ ఇటూ చూసి, మనిషి కనిపించక, మర్యాదకు తలూపింది. మంగకు పటం అంచు దాకా చెయ్యి అందుతోంది. అందరికన్నా కింద ఉన్న చుక్క మీద వేలు పెట్టింది. దాని పక్కన చిన్న అక్షరాలతో 'ఘోర వైఫల్యం, సెప్టెంబరు 18' అని అచ్చేసి ఉంది.

"ఇదేటి?" అంది నన్ను చూసి.

"అది నువ్వేనమ్మా," అన్నాను.